పెరటి పాదు దక్కేదెలా?

* కోతులు, అడవి పందుల దాడులతో ఇంటి కూరగాయల సాగుకు స్వస్తి
* ఒక్క ఇల్లు తరిమితే పక్క పెరట్లోకి.. ఊరంతా కదిలితేనే ఫలితం
* కరెంటు తీగలు, నాటు బాంబులతో మనుషుల ప్రాణాలకే ముప్పు

నిర్మల్: పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది పాత సామెత. ఇప్పుడు పెరటి పాదు కూరకు కూడా మిగలడం లేదు. తొలకరికి విత్తు నాటి, పందిరి వేసి, నీళ్లు పోసి, కాయ చేతికి వచ్చే వేళకు కోతుల మంద దిగుతోంది. పది నిమిషాల్లో పందిరి నేలపాలవుతోంది. అడవి అంచు గ్రామాల్లోనైతే పగలు కోతుల వంతు, రాత్రి అడవి పందుల వంతు. గోదావరి తీరం నుంచి కవ్వాల్ అడవుల దాకా ఏ పల్లెకు వెళ్లినా ఇదే గోడు వినిపిస్తోంది. చాలా ఇళ్లలో బీర, సొర, చిక్కుడు పాదులు పెట్టడమే మానుకున్నారు. పెరడు ఉండీ సంతలో కూరగాయలు కొనుక్కోవలసిన పరిస్థితి దాపురించింది.

ఈ బెడద ఎంతగా ముదిరిందంటే 2025 డిసెంబరులో తెలంగాణలో జరిగిన గ్రామ పంచాయతీ ఎన్నికల్లో పలుచోట్ల కోతుల నివారణే ప్రధాన హామీగా మారింది. రోడ్లు, మురుగు కాలువల సరసన కోతులు కూడా ఎన్నికల అంశం అయ్యాయి. అయితే హామీలు నెరవేరే వరకు పెరడును బీడు పెట్టుకోవలసిందేనా? ఇంటివారు తమ స్థాయిలో చేసుకోదగినవి ఏమిటి? ఊరు ఉమ్మడిగా చేయవలసినవి ఏమిటి? చేయకూడనివి ఏమిటి?

పోతున్నది కాయలు మాత్రమే కాదు

పెరటి తోట లెక్క పంట నష్టం జాబితాలకు ఎక్కదు. నాలుగు సొరకాయలు, రెండు గంపల టమాటాలు పోయాయని ఎవరూ అర్జీ పెట్టుకోరు. కానీ పేద ఇంటికి ఆ నాలుగు పాదులే ఆధారం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలి. నలుగురున్న కుటుంబానికి ఈ లెక్కన రోజుకు కిలోన్నర దాటుతుంది. అంత మొత్తం నిత్యం కొనుక్కోగల ఇళ్లు పల్లెల్లో ఎన్ని? పాదు పోతే కంచంలో కూర తగ్గుతుంది. ముందుగా తగ్గేది ఇంటి ఇల్లాలి కంచంలోనే.

విత్తనం మరో నష్టం. నాటు చిక్కుడు, పొట్ల, నేతి బీర, దోస వంటి గింజలను ఇల్లాళ్లు బూడిదలో కలిపి, గుడ్డలో మూటగట్టి ఏటికేడు దాచుకుంటారు. ముదిరిన కాయ పాదు మీద ఎండితేనే విత్తనం దక్కుతుంది. కోతి కంటపడిన కాయ ముదిరే దాకా నిలవదు. రెండు మూడేళ్లు వరుసగా విత్తనం చేతికి రాకపోతే ఆ ఇంటి రకం అంతరించినట్లే. బతుకమ్మ పండుగకు గుమ్మడి పూలు, బీర పూలు పెరట్లో తెంపుకునే రోజులు పోయి కొనితెచ్చుకునే రోజులు రావడానికీ ఇదొక కారణం.

అడవి విడిచి ఊరి బాట ఎందుకు?

అడవులు తగ్గడం వల్లే జంతువులు వస్తున్నాయని అందరూ అనే మాట. అందులో నిజం ఉంది గానీ అదొక్కటే కారణం కాదు. మర్రి, రావి, జువ్వి, మేడి చెట్లు కోతులకు అన్నదాతలు. ఈ జాతి చెట్లన్నీ ఒకే నెలలో పండవు. ఒక చెట్టు పండ్లు అయిపోయే సరికి మరో చెట్టు పండుతుంది. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట తిండి దొరుకుతుంది. రహదారుల విస్తరణలో బాటల వెంట ఉన్న ఇలాంటి పెద్ద చెట్లు వేల సంఖ్యలో నేలకొరిగాయి. తునికి, మొర్రి, నేరేడు, పాల వంటి పండ్ల చెట్లున్న అడవి స్థానంలో చాలాచోట్ల టేకు, నీలగిరి తోటలు పెరిగాయి. ఆ తోటల్లో నీడ ఉంటుంది, తిండి ఉండదు.

మరోవైపు ఊళ్లో తిండి సులువుగా దొరుకుతోంది. గుడి ముందు కొబ్బరి చిప్పలు, అరటిపండ్లు, హోటళ్ల వెనుక పారబోసిన అన్నం, ఇళ్ల ముందు పెంటకుప్పలు, కనుమ దారుల్లో ప్రయాణికులు విసిరే రొట్టె ముక్కలు. నిర్మల్, ఆదిలాబాద్‌ల మధ్య మహబూబ్‌ఘాట్ వంటి చోట్ల వాహనం ఆగితే చాలు, కోతులు చుట్టుముట్టడం చూస్తూనే ఉన్నాం. అడవిలో కోతి రోజులో అధిక సమయం తిండి వెతుక్కోవడానికే వెచ్చిస్తుంది. ఊళ్లో గంట సేపట్లో కడుపు నిండుతుంది. తిండి బలం పెరిగితే పిల్లలు బతికే అవకాశం పెరుగుతుంది, మంద పెద్దదవుతుంది. పుణ్యం కోసం వేసిన అరటిపండు మరుసటి ఏడాది పక్కింటి పెరటి మీద భారమై పడుతోంది.

అడవి పందుల కథ కొంచెం వేరు. ఆడపంది సుమారు నాలుగు నెలల్లోనే ఈనుతుంది. ఒక్క ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలు పుట్టడం సాధారణం. వేటాడే పులి, చిరుత, రేసు కుక్కలు తగ్గిన చోట వీటికి అడ్డు లేదు. ఊరి పక్కన పెరిగిన సర్కారు తుమ్మ పొదలు పగటి పూట దాగడానికి అనువుగా ఉన్నాయి. చుట్టూ మక్క, వేరుసెనగ చేలు ఉంటే ఇక అడవికి తిరిగి వెళ్లవలసిన అవసరమే లేదు.

వచ్చింది ఎవరో ముందు గుర్తించాలి

ఉపాయం ఫలించాలంటే తోటలోకి వచ్చిన జంతువు ఏదో తెలియాలి. కోతికి కట్టిన కంచె పందిని ఆపదు. పందికి పెట్టిన వాసన కోతికి పట్టదు. ఆనవాళ్లను బట్టి సులువుగానే పోల్చుకోవచ్చు.

కోతులు పగలే వస్తాయి. పొద్దున, సాయంత్రం వేళల్లో ఎక్కువ. కాయను సగం కొరికి పారేస్తాయి. పందిరి తీగలను పట్టి లాగుతాయి. కోతి దవడల లోపల సంచుల వంటి ఖాళీలుంటాయి. దొరికినదంతా వాటిలో కుక్కుకుని, భద్రమైన చోటికి వెళ్లి తీరిగ్గా నమలుతుంది. రెప్పపాటులో మడి ఖాళీ కావడానికి కారణం ఇదే. కొండముచ్చుకు ఈ సంచులు లేవు. అది ఆకులు, చిగుళ్లు, పూలు, లేత కాయలు ఎక్కువగా తింటుంది. చిక్కుడు తీగ చిగుళ్లు మాత్రమే మాయమై, నేల మీద కొరికిన కాయలు లేకుంటే అది కొండముచ్చు పని అనుకోవచ్చు.

అడవి పంది రాత్రి వస్తుంది. మూతితో నేలను దున్నినట్లు పెళ్లగిస్తుంది. కంద, చేమ, చిలగడదుంప, వేరుసెనగ దానికి ప్రీతి. తడి నేల మీద గిట్టల గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. ఏదుపంది కూడా రాత్రి సంచారే. దుంపలను తవ్వి తింటుంది, చెట్ల మొదళ్ల బెరడు కొరుకుతుంది. వెళ్లిన దారిలో ఒకటి రెండు ముళ్లు రాల్చిపోతుంది. మొలకలు వరుసగా తెగిపోయి, టమాటాలకు ముక్కు గాట్లు పడి ఉంటే నెమలిని అనుమానించాలి.

కోతుల నుంచి కాపాడుకునే దారి

కోతి తెలివైన జీవి. బెదిరింపు ఏదైనా నాలుగు రోజులు పని చేస్తుంది. దాని వల్ల హాని లేదని గ్రహించాక లెక్క చేయదు. పులి బొమ్మ ఫ్లెక్సీలు, కొండముచ్చు బొమ్మలు, రికార్డు చేసిన అరుపులు, మెరిసే రిబ్బన్లు అన్నింటి గతీ ఇదే. వాడక తప్పదనుకుంటే తరచూ స్థలం మారుస్తూ, మనిషి కాపలాతో కలిపి వాడాలి.

శాశ్వతంగా పని చేసేది అడ్డు ఒక్కటే. కోతి గోడ ఎక్కుతుంది, కొమ్మ నుంచి దూకుతుంది. కాబట్టి నాలుగు వైపులా కంచె కట్టి పైన వదిలేస్తే ప్రయోజనం లేదు. పైకప్పుతో సహా ఇనుప జాలీ గది కట్టుకోవాలి. పెరడంతటికీ కట్టడం ఖర్చుతో కూడిన పని. రెండు మంచాల పాటి మడికి కట్టుకున్నా టమాటా, వంగ, బెండ, ఒక చిక్కుడు పాదు ఇంటి అవసరానికి సరిపడా పండుతాయి. నైలాన్ షేడ్‌నెట్‌ను కోతులు పళ్లతో చింపేస్తాయి. తుప్పు పట్టని వెల్డ్ మెష్ వాడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. జాలీ కన్నాల్లోంచి చెయ్యి దూర్చి కాయలు లాగకుండా మొక్కలను జాలీకి ఒక మూర దూరంలో నాటాలి. తలుపుకు ఉత్తి గొళ్లెం చాలదు, తాళం గానీ తీగ ముడి గానీ ఉండాలి. గొళ్లెం తీయడం కోతులు త్వరగానే నేర్చుకుంటాయి.

జాలీ బయట ఏం వేయాలన్నది తర్వాతి ప్రశ్న. కోతులు సాధారణంగా తక్కువగా ముట్టేవి కొన్ని ఉన్నాయి. పసుపు, అల్లం, కరివేపాకు, పుదీనా, కాకర, నిమ్మ వంటివి బయట వేసుకోవచ్చు. ఆకలితో ఉన్న మంద వీటిని కూడా పీకి పారేయవచ్చు గానీ టమాటా, జామ, మక్క కంకుల కోసం వచ్చినట్లు వీటి కోసం పనిగట్టుకుని రాదు. అయితే చేమ, కంద బయట వేస్తే పందులను పిలిచినట్లవుతుంది. ఏ జంతువు తిరుగుతుందో చూసుకుని పంట ఎంచుకోవడం అందుకే ముఖ్యం.

ఇంటి పైకప్పు మీదకు, గోడ మీదకు వాలిన కొమ్మలను నరికివేయాలి. అవే కోతులకు వంతెనలు. పండిన కాయను చెట్టు మీద ఉంచకుండా, దోరగా ఉండగానే కోసి ఇంట్లో మాగబెట్టుకోవాలి. విత్తనానికి వదిలిన కాయకు గట్టి జాలీ సంచి కట్టాలి. ఒకసారి కడుపు నిండిన చోటికి మంద మళ్లీ వస్తుంది. రెండు మూడు సార్లు వట్టి చేతులతో తిరిగి వెళితే ఆ ఇంటిని దారిలోంచి తప్పిస్తుంది.

పందులకు వాసనే ఆయుధం

అడవి పందికి చూపు మందం. ముక్కు, చెవి చురుకు. దాని తీరును బట్టే ఉపాయాలు పుట్టాయి. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పంటలకు హాని చేసే పక్షులు, జంతువుల నియంత్రణపై ఏళ్లుగా పరిశోధనలు చేస్తున్నారు. మక్క చేను చుట్టూ ఆముదం, వేరుసెనగ చుట్టూ ముళ్ల కుసుమ వరుసలు దట్టంగా వేయడం వారు సూచించిన పద్ధతుల్లో ఒకటి. ఆముదం ఘాటుకు లోపలి పంట వాసన అందదు. కుసుమ ముళ్లు పంది చర్మానికి గుచ్చుకుంటాయి.

పెరటికి ఇదే సూత్రాన్ని కుదించి వాడుకోవచ్చు. అయితే ఆముదం గింజలు విషపూరితం. చిన్న పిల్లలున్న ఇంట్లో కాయ ముదరక ముందే గెలలు తుంచేయాలి. మంగలి దుకాణం నుంచి తెచ్చిన వెంట్రుకలను పెరటి చుట్టూ నేల మీద చల్లడం మరో పాత ఉపాయం. నేలను వాసన చూస్తూ వచ్చే పంది ముక్కులోకి వెంట్రుకలు పోయి ఇబ్బంది పడుతుంది. కుళ్లిన కోడిగుడ్ల ద్రావణం చుట్టూ చల్లడం కూడా ఇలాంటిదే. ఇవన్నీ వాన పడితే కొట్టుకుపోతాయి. వారం పది రోజులకోసారి తిరిగి వేయకపోతే ఫలితం ఉండదు. రంగు చీరలు కట్టడం కొత్తలో పని చేస్తుంది, అలవాటు పడ్డాక చీరను చీల్చుకుని పోతాయి.

నమ్మదగిన అడ్డు మాత్రం గట్టి కంచే. పంది కంచె ఎక్కదు, కింద తవ్వి దూరుతుంది. కాబట్టి కంచె ఎత్తు కన్నా దాని అడుగు ముఖ్యం. ఇనుప జాలీని అడుగు లోతున నేలలో పాతి, పైకి నాలుగు అడుగులు ఉంచితే సరిపోతుంది. రాతి గోడ ఉన్న ఇంటికి తలుపు కింది సందు మూయడమే మిగిలిన పని. ఏదుపందికీ ఈ పాతిన జాలీయే అడ్డు. చెట్ల మొదళ్లకు రేకు చుట్టితే బెరడు దక్కుతుంది. నెమళ్ల కోసం నారుమడి మీద వలను బిగువుగా కట్టాలి. వదులుగా వేస్తే కాళ్లు చిక్కుకుని పక్షి చనిపోతుంది.

ప్రాణాలు తీస్తున్న తీగలు

విసిగిపోయిన కొందరు ఎంచుకుంటున్న దారులు కన్నీళ్లు మిగులుస్తున్నాయి. ఇంటి కరెంటును నేరుగా తీగకు కలిపి తోట చుట్టూ కట్టడం వాటిలో అతి ప్రమాదకరమైనది. తెల్లవారుజామున కాలకృత్యాలకు వెళ్లినవారు, నీళ్లు కట్టడానికి వచ్చిన రైతులు, చివరకు తీగ కట్టినవారే బలైన ఘటనలు ఏటా జరుగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవుల్లో వన్యప్రాణుల కోసం అమర్చిన తీగ తగిలి గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు మృతి చెందారు.

సౌర కంచెకు, ఈ తీగకు పోలిక లేదు. సౌర కంచెలో బ్యాటరీకి అమర్చిన యంత్రం సుమారు సెకనుకోసారి, రెప్పపాటు కన్నా తక్కువ సేపు విద్యుత్తును పంపుతుంది. వోల్టేజీ వేలల్లో ఉన్నా శక్తి స్వల్పం. తగిలిన జంతువు అదిరిపడి వెనక్కి తగ్గుతుంది. మళ్లీ విద్యుత్తు వచ్చేలోగా విడిపించుకునే వ్యవధి ఉంటుంది. నేరుగా కరెంటు కలిపిన తీగలో ఆ వ్యవధి ఉండదు, పట్టుకున్న చేయి వదలదు. ప్రమాణాలకు లోబడి తయారైన యంత్రాన్ని తెలిసినవారితో అమర్చుకోవాలి తప్ప సొంత ప్రయోగాలు తగవు. అక్రమ తీగ కంటపడితే తాకకుండా విద్యుత్తు సంస్థ నంబరు 1912కు తెలపాలి.

తిండిలో దాచిన నాటు బాంబులు, పురుగుమందు కలిపిన ముద్దలు పందుల కన్నా ముందు ఊరి ఆవులను, కుక్కలను బలిగొంటాయి. కోతులను బెదిరించడానికి వాడుతున్న కార్బైడ్ గొట్టాలు కూడా తక్కువ ప్రమాదకరం కాదు. 2025 దీపావళి రోజుల్లో మధ్యప్రదేశ్‌లో ఇలాంటి గొట్టాలు పేలి ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. పేలలేదని గొట్టంలోకి తొంగిచూసిన క్షణంలోనే అవి పేలాయి. ఇంట్లో పిల్లలుంటే ఆ వస్తువును గడప దాటి రానివ్వకూడదు.

చట్టం ఏం చెబుతోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. మన ఊళ్లలో తిరిగే కోతుల్లో రెండు జాతులున్నాయి. తల మీద వెంట్రుకలు టోపీలా పరచుకుని, తోక పొడవుగా ఉండేది దక్షిణాదికి చెందినది. తోక పొట్టిగా, వెనుక భాగం ఎర్రగా ఉండేది ఉత్తరాది జాతి. గోదావరి ఒకప్పుడు ఈ రెండింటికీ ఎల్లగా ఉండేది. కొన్ని దశాబ్దాలుగా ఉత్తరాది కోతి నది దాటి దక్షిణానికి విస్తరిస్తోంది. సవరణ తర్వాత ఉత్తరాది కోతిని రక్షిత జాబితాల నుంచి తొలగించారు. దక్షిణాది టోపీ కోతి మొదటి షెడ్యూలులో ఉంది. దానిని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, జరిమానా తప్పవు. నెమలి కూడా మొదటి షెడ్యూలులోనిదే. జాబితాలో లేని కోతినైనా హింసిస్తే జంతు హింస నివారణకు 1960లో చేసిన చట్టం వర్తిస్తుంది.

అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. ప్రాణాలకు, పంటలకు హాని చేస్తున్నదని తేలితే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వక ఉత్తర్వుతో వేటకు అనుమతించవచ్చు. అనుమతి లేకుండా ఎవరికి వారు చంపడం నేరమే. కోతులను తరిమేందుకు కొండముచ్చును పట్టి కట్టేయడం కూడా చట్టం ఒప్పదు.

పట్టి వదిలేస్తే తీరుతుందా?

చాలా పంచాయతీలు కోతికి ఇంత అని లెక్కగట్టి పట్టేవారిని పిలిపిస్తున్నాయి. బోనుల్లో పట్టిన కోతులను రాత్రివేళ దూరాన వదిలి వస్తున్నారు. ఆ దూరం మరో ఊరి పొలిమేర. అక్కడివారు పట్టి ఇంకోచోట వదులుతారు. ఇలా ఊళ్ల మధ్య కోతులు తిరుగుతున్నాయే తప్ప వాటి సంఖ్య తగ్గడం లేదు. పైగా మంద చెదిరితే చిన్న చిన్న గుంపులై మరిన్ని వీధులకు విస్తరించే ప్రమాదం ఉంది. ఊళ్లో తిండి అలాగే ఉంటే ఖాళీ అయిన చోటికి పక్క మంద వస్తుంది.

సంఖ్యను తగ్గించే మార్గం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలే. హిమాచల్‌ప్రదేశ్ దాదాపు రెండు దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. అక్కడ లక్షన్నరకు పైగా కోతులకు శస్త్రచికిత్సలు జరిగాయి. మన రాష్ట్రంలో నిర్మల్ జిల్లా సారంగాపూర్ మండలం చించోలి సమీపంలోని గండిరామన్న హరితవనంలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించారు. పట్టి తెచ్చిన కోతులకు శస్త్రచికిత్స చేసి, కోలుకున్నాక విడిచిపెట్టడం దీని ఉద్దేశం. అయితే ఈ పద్ధతికి ఓర్పు కావాలి. కోతి ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. శస్త్రచికిత్స జరిగిన కోతి తిండి మానదు, పిల్లలను కనడం మాత్రమే మానుతుంది. మందలోని ఎక్కువ కోతులకు చేస్తేనే, అదీ ఏళ్ల తరబడి కొనసాగిస్తేనే తేడా కనిపిస్తుంది. ఒకటి రెండు కేంద్రాలతో రాష్ట్రమంతటికీ ఉపశమనం ఆశించలేం. పంచాయతీలు పట్టే ఖర్చునంతా ఎక్కడో వదలడానికి కాకుండా ఇటువైపు మళ్లించాలని, మరిన్ని కేంద్రాలు కావాలని కలిసి అడగడం ప్రజల చేతిలో ఉంది.

వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి అడవికి పోవాలి అన్న నినాదంతో 2015 జూలైలో హరితహారం మొదలైంది. అడవుల్లో పండ్ల మొక్కలు నాటే ప్రయత్నమూ జరిగింది. నాటిన నేరేడు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా కాపాడేదెవరన్నదే అసలు ప్రశ్న. మర్రి, రావి, మేడి వంటివి లావుపాటి కొమ్మలు పాతినా చిగురిస్తాయి. గుట్ట అంచున, చెరువు గట్టు వెనుక, ఇళ్లకు దూరంగా వీటిని పెంచితే మొక్కల కన్నా ముందుగా అక్కరకు వస్తాయి.

ఊరు ఒక్కటైతేనే

ఒక ఇంటి నుంచి తరిమిన మంద పక్కింటికే పోతుంది. జాలీ కట్టుకోగలిగినవారి పెరడు దక్కుతుంది, కట్టుకోలేనివారి పాదు మీద భారం రెట్టింపవుతుంది. ఈ బెడదకు పరిష్కారం ఇంటి గోడ లోపల కన్నా ఊరి కట్టుబాటులోనే ఎక్కువగా ఉంది. గ్రామసభలో తీర్మానించుకోదగినవి ఇవి.

* కోతులకు ఎవరూ తిండి పెట్టకూడదు. గుడి ప్రసాదం, కొబ్బరి చిప్పలు మూత ఉన్న డబ్బాల్లోనే వేయాలి.
* తడి చెత్తను ఏ రోజుకారోజు తరలించాలి. వీధిలో పెంటకుప్పలు ఉండకూడదు.
* మంద వచ్చే వేళలు గుర్తించి, వాడకట్టుకు ఇద్దరు చొప్పున వంతుల వారీగా కాపలా పెట్టాలి. ఊరి నడుమకు తరమకుండా, అందరూ ఒకే దిక్కుకు, గుట్ట వైపే మళ్లించాలి.
* పాదులు ఒకేచోట పెట్టుకునే వీలుంటే నాలుగైదు ఇళ్లు కలిసి ఒక జాలీ తోట కట్టుకోవాలి. ఖర్చు పంచుకోవచ్చు, విత్తనం కూడా నిలుస్తుంది.
* ఊరి చుట్టూ పెరిగిన సర్కారు తుమ్మ పొదలను తొలగించాలి.
* నష్టం జరిగిన ప్రతిసారీ తేదీ, జంతువు, పంట రాసిపెట్టాలి. పంచాయతీ తీర్మానంతో కలిపి అటవీ రేంజి అధికారికి ఇస్తే అర్జీకి బలం ఉంటుంది.

ఇందులో ఏదీ ఒక్క రోజులో ఫలించేది కాదు. అయితే తిండి దొరకని ఊరిని మంద తనంతట తానే వదులుతుంది. రెండు నెలలు కట్టుబాటు పాటించి, మూడో నెల పండుగకు మళ్లీ అరటి గెలలు పంచితే చేసినదంతా వృథా.

ఎదురుపడితే, కరిస్తే..

కోతి ఎదురైతే కళ్లలోకి సూటిగా చూడకూడదు, పళ్లు కనబడేలా నవ్వకూడదు. రెండింటినీ అది సవాలుగా భావిస్తుంది. వెనుదిరిగి పరుగెత్తకుండా మెల్లగా పక్కకు తప్పుకోవాలి. అది పారిపోయే దారికి అడ్డుగా నిలబడకూడదు. చేతిలో సంచి ఉంటే కనబడకుండా పట్టుకోవాలి. వేసవికి ముందు పుట్టిన పిల్లలను మోసే తల్లి కోతుల దగ్గరికి పోవడం మరింత ప్రమాదం. తరిమే తొందరలో మేడ మీద నుంచి జారిపడి కాళ్లు విరగ్గొట్టుకునేవారు, ప్రాణాలు పోగొట్టుకునేవారు ఉన్నారు. పిల్లలను, వృద్ధులను కాపలాకు ఒంటరిగా పంపకూడదు. రాత్రిపూట పంది అలికిడి వినిపిస్తే దీపం వేసి చప్పుడు చేయాలి తప్ప చీకట్లో ఎదురు వెళ్లరాదు. గాయపడిన పంది, పిల్లలున్న పంది మీద పడుతుంది.

కోతి కరిచినా, రక్కినా గాయాన్ని వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, సున్నం, కారం పూయకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు గాయం చుట్టూ ఇచ్చే ప్రత్యేక మందు కూడా అవసరమవుతుంది. చిన్న గీతే కదా అని వదిలేయడం ప్రాణాంతకం. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స లేదు.

కోతి, పంది తమ ఆకలి దారిన తాము వస్తున్నాయి. వాటికి దారి చూపుతున్నది మన చెత్తకుప్ప, మన అరటిపండు, మనం నరికిన మర్రి. ఆ దారిని మూయడం ఏ ఒక్క ఇంటికీ సాధ్యం కాదు, ఊరు తలచుకుంటే అసాధ్యమూ కాదు. వచ్చే తొలకరికి ముందు జరిగే గ్రామసభలో రోడ్డు, కాలువలతోపాటు పెరటి పాదు మాట కూడా చర్చకు రావాలి. విత్తనం మూట ఇంకా ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని జరగాలి.